ఒక్క హెచ్ తక్కువ

నెల రోజుల క్రితం ఫోన్ కంపెనీ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. మా అమ్మాయి నంబరు మీద ఆ నెల హాట్‌స్పాట్ డేటా అంతా అయిపోయిందట. ఇంట్లో వైఫై ఉండగా హాట్‌స్పాట్ ఎందుకు వాడావని అడిగాను. మూడు వారాలుగా తన ల్యాప్‌టాప్‌కి ఇంటి వైఫై రావడం లేదని, ఫోన్‌తోనే హోంవర్క్ నెట్టుకొస్తున్నానని చెప్పింది.

మూడు వారాలు. నేను పక్క గదిలోనే ఉన్నాను. ఆఫీసులకు నెట్‌వర్క్ సపోర్ట్ చేయడమే పదిహేనేళ్ళుగా నా ఉద్యోగం. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ల్యాప్‌టాప్‌లను రోజూ ఫోన్లోనే సరిచేస్తాను. కన్నకూతురు నన్ను అడగలేదు.

ఎందుకు అడగలేదంటే తను ఇంగ్లీషులో చెప్పిన జవాబు తెలుగులో ఇది: "నిన్ను ఏం అడగాలన్నా ముందు తెలుగులో అడగమంటావు. దీన్ని తెలుగులో ఎలా అడగాలో నాకు తెలియలేదు. హాట్‌స్పాట్ పెట్టుకోవడమే ఈజీ."

అప్పటికి నా ధ్యాస ల్యాప్‌టాప్ మీదే ఉంది. ఆ మాట సరిగ్గా చెవికెక్కలేదు. తెచ్చి ముందు పెట్టమన్నాను.

అది నా పాత ల్యాప్‌టాపే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి మొత్తం తుడిచేసి, బేస్‌మెంట్‌లో రౌటర్ పక్కన కేబుల్ పెట్టి విండోస్ 11 ఎక్కించి ఇచ్చాను. పాత పాస్‌వర్డ్‌లన్నీ అప్పుడే పోయాయి. ఆ సంగతి నాకు వెంటనే తట్టాల్సింది.

మిగతా ఫోన్లకూ టీవీకీ నెట్ వస్తోంది, అంటే లోపం రౌటర్‌లో ఉండే అవకాశం తక్కువ. ఏరోప్లేన్ మోడ్ ఆఫ్‌లోనే ఉంది. లిస్టులో మా నెట్‌వర్క్ పేరు కనిపిస్తోంది, సిగ్నల్ నిండుగా ఉంది. వైఫై డ్రైవర్, అంటే వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్, తీసేసి మళ్ళీ వేశాను. వైఫైకి వేసే తాళాల్లో డబ్ల్యూపీఏ2 పాతది, డబ్ల్యూపీఏ3 కొత్తది. రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెడితే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు కలవవు, అదీ చూశాను. మాది డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునే మోడ్‌లోనే ఉంది. 5 గిగాహెర్ట్జ్ ఆపి 2.4 మీద ప్రయత్నించాను. ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్‌కి ఉండే నంబరు, 169.254తో మొదలైతే ల్యాప్‌టాప్ లోపలికి వెళ్ళింది గాని రౌటర్ దగ్గర అడ్రస్ దొరకలేదని లెక్క. ఇక్కడ ఆ మెట్టు దాకా కూడా పోవడం లేదు. చివరికి రౌటర్ ప్లగ్ పీకి, అర నిమిషం ఆగి మళ్ళీ పెట్టాను. పైన మీటింగ్‌లో ఉన్న మా ఆయన ఏమైందంటూ దిగివచ్చారు.

గంటన్నర గడిచింది. మా అమ్మాయి అంతసేపూ నా పక్కనే కూర్చుంది. పాస్‌వర్డ్ అడిగినప్పుడల్లా తనే కొడుతోంది, నాకంటే వేగంగా. ఆ గంటన్నరలో నేను తనని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆఫీసులో అయితే నా మొదటి మాటే, "మీరు ఏం కొట్టారు, స్క్రీన్ మీద ఏం వచ్చింది?" అని. కొత్తగా చేరినవాళ్ళకు కూడా మొదట నేర్పేది అదే.

ఆఖరికి పాస్‌వర్డ్ గడి పక్కన ఉండే కన్ను గుర్తు నొక్కాను. నల్ల చుక్కలు పోయి అక్షరాలు కనిపించాయి. ఒక అక్షరం తక్కువగా ఉంది.

మా పాస్‌వర్డ్ నిమ్మతోట, దాని వెనక నాలుగు అంకెలు. ఇప్పుడు మార్చేశాం కాబట్టి రాస్తున్నాను. తెనాలి దగ్గర మా నాన్నకు నిమ్మతోట ఉండేది. ఆయన పోయాక అమ్మేశాం. అమ్మిన ఏడాదే ఈ ఇంటికి వచ్చాం, కొత్త రౌటర్ పెట్టినప్పుడు ఆ పేరే పెట్టాను. పిల్లలు రోజూ కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట రాయాల్సి వస్తుంది కదా అనుకున్నాను. నెట్‌వర్క్ పేరుకు 32 బైట్ల చోటు ఉంటుంది, తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది, కాబట్టి చిన్న పేరైతే తెలుగులోనే పెట్టుకోవచ్చు. పాస్‌వర్డ్ విషయంలో ఆ వీలు లేదు. 8 నుంచి 63 దాకా ఎన్ని అక్షరాలైనా సరే, కీబోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ గుర్తులే ఉండాలి. అందుకే నిమ్మతోటను ఇంగ్లీషులో రాశాను.

మనం ఎలా రాస్తాం? "త"కు టీ, పక్కన హెచ్. "ట"కు ఒట్టి టీ. లత, గీత, సునీత, దాదాపు అందరి సర్టిఫికెట్లలోనూ ఆ హెచ్ ఉంటుంది. నేనూ అలాగే పెట్టాను. మా అమ్మాయి హెచ్ లేకుండా కొట్టింది.

"ఇక్కడ హెచ్ ఉంటుంది, తెలియదా?" అన్నాను.

"హెచ్ పెడితే అది థోట అవుతుంది కదమ్మా. నువ్వు తోట అంటావు. నువ్వు అన్నట్టే రాశాను."

తను చదువుకున్న బడిలో టీ, హెచ్ కలిస్తే వచ్చే శబ్దం వేరు. తన లెక్క ప్రకారం తను రాసిందే సరి. నేను మాత్రం అక్కడితో ఆగలేదు. ఏదీ, తోట అను అన్నాను. టోట అంది. తోట, టోట అని రెండూ పలికి, తేడా వినమన్నాను. "రెండూ ఒకటేగా" అంది. మొండిగా అనలేదు, నిజంగానే విని, ఆలోచించి చెప్పింది. ఆ తేడా తన చెవికి అందడం లేదని నాకు అప్పుడు తెలిసింది. తనకు పదమూడేళ్ళు. మాటలు వచ్చినప్పటి నుంచీ "టాటయ్య కాదు, తాతయ్య" అని దిద్దుతూనే ఉన్నాను. శ్రద్ధ లేక అలా అంటోందనుకున్నాను. మా నాన్న మాత్రం ఒక్కసారి కూడా దిద్దలేదు. టాటయ్యా అని పిలిస్తే "ఆఁ, చెప్పమ్మా" అని పలికేవాడు.

రౌటర్ ఇలాంటిదాన్ని ఒప్పుకోదు. పాస్‌వర్డ్ అసలు గాలిలో ప్రయాణించదు. డబ్ల్యూపీఏ2లో ల్యాప్‌టాప్, రౌటర్ ఎవరికి వారు ఆ మాటను నెట్‌వర్క్ పేరుతో కలిపి 4096 సార్లు తిప్పి ఒక తాళంచెవి తయారుచేసుకుంటాయి, తర్వాత అవి రెండూ ఒకటేనా అని తేల్చుకుంటాయి. ఒక్క హెచ్ తగ్గినా వచ్చే తాళంచెవికి అసలుదానితో పోలికే ఉండదు. దాదాపు సరిగ్గానే రాశావు, ఒక్క అక్షరమే పోయింది అని రౌటర్ చెప్పలేదు. దానికి తెలియదు. నాకు తెలుసు. అయినా పదమూడేళ్ళుగా తను దగ్గరగా వచ్చిన ప్రతిసారీ నేను చెప్పింది తప్పు అనే.

"తెలుగులో అడుగు" అనే నియమం రెండేళ్ళ క్రితం వేసవిలో మొదలైంది. తెనాలి వెళ్ళినప్పుడు మా అమ్మ ఏది అడిగినా మా అమ్మాయి నా మొహం చూసేది. "ఏమంటోందే పిల్ల?" అని అమ్మ నన్ను అడిగేది. వాళ్ళిద్దరూ నేను లేకుండా పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోలేకపోయారు. తిరిగి వచ్చేటప్పుడు విమానంలోనే గట్టిగా నిర్ణయించుకున్నాను. ఏం కావాలన్నా ముందు తెలుగులో అడగాలి, ఆ తర్వాతే ఇస్తాను. డబ్బులైనా, పర్మిషన్ అయినా, సాయమైనా.

ఆ నియమాన్ని నేను సరిగ్గా పాటించానా అంటే, లేదు. పొద్దున బస్సు టైమప్పుడు నాకే ఓపిక ఉండదు, ఇంగ్లీషులో అడిగినా ఇచ్చేస్తాను. ఎనిమిదేళ్ళ చిన్నాడికి ఆ నియమం దాదాపు లేదు, వాడు ముద్దుగా అడుగుతాడని వదిలేస్తాను. డేటా అయిపోయిందని ఆ రోజు పెద్దదాన్ని కోప్పడింది కూడా ఇంగ్లీషులోనే. కోపం వస్తే నా నోట్లో వచ్చేది ఇంగ్లీషే. ఇదంతా పిల్ల చూస్తూనే ఉంది.

ఇంకో విషయం నన్ను ఎక్కువ బాధపెట్టింది. వైఫై రావట్లేదని తెలుగులో అడగడానికి ఏ మాట కావాలనుకున్నావని మర్నాడు అడిగాను. కనెక్ట్ అనే మాటకు తెలుగు వెతికిందట. ఇంటర్నెట్‌లో "అనుసంధానం" అని చూపించిందట. అది నోటికి రాలేదు, తప్పు పలికితే మళ్ళీ దిద్దుతానని వదిలేసింది. "ల్యాప్‌టాప్‌కి వైఫై కనెక్ట్ అవ్వట్లేదు" అంటే చాలు, అదే తెలుగు, హైదరాబాద్‌లోనూ తెనాలిలోనూ అందరూ అనేది అదే. నేను మా అన్నయ్యతో ఫోన్లో అనేదీ అదే. కానీ తను ఇంగ్లీషు ముక్క కలిపినప్పుడల్లా "మొత్తం తెలుగులో చెప్పు" అన్నది నేనే.

మీ ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్‌కి మాత్రమే వైఫై రాకపోతే, డ్రైవర్ల జోలికి పోయే ముందు ఆ నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి, కన్ను గుర్తు నొక్కి, పాస్‌వర్డ్ కనబడేలా కొట్టించండి. ఇంతవరకు నేను ధైర్యంగా చెప్పగలను. పిల్లలతో తెలుగు సంగతి వచ్చేసరికి ఆ ధైర్యం లేదు. నియమం తీసేశానని చెప్పాను. చెప్పిన నాలుగు రోజులకే ఇంట్లో తెలుగు సగమైంది. ఆదివారం ఫోన్లో అమ్మ అడిగినదానికి మళ్ళీ నా మొహం చూసింది. నియమం ఉంటే నా దగ్గరికి రావడం లేదు, లేకపోతే అమ్మమ్మ దగ్గరికి పోలేకపోతోంది. ఇంకా కొన్నేళ్ళే ఈ ఇంట్లో ఉంటుంది. ఏది పోగొట్టుకున్నా ఫర్వాలేదో తేల్చుకోలేక రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

పాస్‌వర్డ్ మాత్రం హెచ్ తీసేసి తను రాసినట్టే మార్చాం. ఫోన్లు, టీవీ, చిన్నాడి ట్యాబ్, అన్నింటికీ తనే తిరిగి కొట్టి పెట్టింది. నా ఫోన్‌కి నేనే కొట్టుకున్నాను. రెండుసార్లు హెచ్ పడింది.

మొన్న సాయంత్రం నేను వంటింట్లో ఉండగా వచ్చి, "అమ్మా, ప్రింటర్ కనెక్ట్ అవుటలేదు" అంది. అవ్వట్లేదు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. చేతులు తుడుచుకుని తన వెనకే వెళ్ళి, నువ్వేం చేశావో ముందు నాకు చూపించు అన్నాను. అది ఇంగ్లీషులో అన్నానని ప్రింటర్ పని పూర్తయ్యాక గానీ గుర్తు రాలేదు.