అతుకు కనబడాలి

"అమ్మా, గోడకి ఇంకా దాహం తీరలేదు."

నీళ్ళ కుంచె చేత్తో పట్టుకుని మా ఏడేళ్ళ అబ్బాయి అన్న మాట ఇది. పాత గోడకి కొత్తగా సున్నం పూత వేసేముందు గోడని బాగా తడపాలి. పొడి గోడ మీద వేస్తే పూతలోని తడినంతా గోడే లాగేసుకుంటుంది. నాలుగు రోజులకి పూత పొడిపొడిగా రాలిపోతుంది. గోడ తడపడం మా వాడి పని. కుంచెతో నీళ్ళు కొడతాడు, అరచెయ్యి ఆనించి చూస్తాడు, చాలో చాలదో చెబుతాడు. ఆ రోజు చాలలేదు. నాకు మాత్రం ఆ దాహం అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ఇంట్లో నేను ఆ మాట వాడి ఎన్నాళ్ళయిందో. నీళ్ళు కావాలా అని అడుగుతాం గానీ దాహమేస్తోందా అని అడగడం మానేశాం. వాడికి ఎక్కడ దొరికిందా అనుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్ళ తాతయ్య దగ్గర.

దేశం కాని దేశంలో మేం ఈ ఇల్లు కొని నాలుగేళ్ళయింది. కట్టి నూరేళ్ళు దాటిన ఇల్లు. కొన్నప్పుడు అమ్మాయికి ఏడేళ్ళు, అబ్బాయికి మూడు. ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ, అందులోనే కాపురం ఉంటూ, ఒక్కో గదీ బాగు చేసుకుంటూ వస్తున్నాం. శుభ్రంగా కొత్త ఇల్లు తీసుకోక ఎందుకొచ్చిన టెన్షన్ అని చాలామంది అడిగారు. మా పిల్లల్ని అందరూ సగం ఇక్కడి వాళ్ళు, సగం అక్కడి వాళ్ళు అంటుంటారు. ఒక్క చోటైనా పునాది నుంచి పైకప్పు దాకా వాళ్ళకి పూర్తిగా తెలిసి ఉండాలని నాకనిపించింది. అప్పుడు ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను.

చిన్న పిల్లలున్న వాళ్ళు పాత ఇంటి మీద చెయ్యి వేసేముందు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. అది ముందు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. తెల్లగా, గట్టిగా, ఏళ్ళ తరబడి మన్నుతుందని వెనకటి రోజుల్లో సీసం కలిపిన రంగులే వేసేవారు. అమెరికాలో ఇళ్ళకి వాడే రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి. పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించి సీసం ఉండకూడదన్న పరిమితి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి మన దేశంలో పాత ఇళ్ళకి రంగులు గీకించేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. రంగు గోడకి అంటుకుని ఉన్నంతవరకూ పెద్ద భయం లేదు. గీకినప్పుడు, రుద్దినప్పుడు లేచే దుమ్ముతోనే ప్రమాదం. ఆ దుమ్ము నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతులకి అంటుతుంది, ఆ చేతులు నోట్లోకి వెళతాయి. ఎదిగే మెదడుకి అది చేసే నష్టం మళ్ళీ పూడదు. ఇంత మోతాదు వరకూ ఫరవాలేదు అని చెప్పగలిగే హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అన్నిటికన్నా ఎక్కువ దుమ్ము కిటికీల దగ్గరే. తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా చెక్కకి చెక్క రాసుకుని రంగు పొడి రాలుతుంటుంది.

మా కిటికీల్లో సీసం ఉందని పరీక్షలో తేలింది. అప్పుడు మా వాడికి మూడేళ్ళు. కిటికీ దగ్గర బొమ్మలు వరస పెట్టుకుని ఆడుకోవడం వాడికి ఇష్టం. వెంటనే ఇద్దరికీ రక్త పరీక్ష చేయించాం. ఫలితం వచ్చేదాకా ఆ మూడు రోజులూ నేను ఏం చేశానో నాకే గుర్తు లేదు. ఏమీ లేదన్నారు. ఆ తర్వాత ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పాత రంగుని పొడిగా రుద్దం, మంటతో కాల్చం. తడిపి గీకుతాం. పని జరిగే గదిని ప్లాస్టిక్ పట్టాతో మూసేస్తాం. దుమ్ముని చీపురుతో ఊడ్వం. సన్నటి దుమ్మునీ పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో లాగి, తడిగుడ్డతో తుడుస్తాం. ఆ పని పూర్తయ్యేదాకా పిల్లలు ఆ గడప దాటరు. పాత గొట్టాల చుట్టూ ఉండే ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన నార) జోలికి మేం అసలు పోలేదు, ఆ పనిలో నేర్పు ఉన్న వాళ్ళు వచ్చి తీసేశారు.

పనుల వరస గురించి చెప్పాలంటే ముందు పైకప్పు, తర్వాత వైరింగు, ఆ తర్వాతే గోడలు. నీళ్ళు దిగే ఇంటికి రంగులు వేస్తే ఆ డబ్బూ కష్టమూ వానపాలే. ఒకేసారి రెండు గదులు విప్పకూడదు. పిల్లలు హోంవర్క్ చేసుకోవడానికి, నిద్రపోవడానికి ఒక గది ఎప్పుడూ శుభ్రంగా ఉండి తీరాలి. ఇది తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేనూ మా ఆయనా పడ్డ గొడవల్లో సగం అలసట వల్ల వచ్చినవే.

ఇక గోడల సంగతి. మాకు ముందున్న వాళ్ళెవరో వంటింటి గోడకి సిమెంటు పూశారు. చూడ్డానికి నున్నగా ఉండేది. కానీ గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది, అడుగున ఇటుక పిండిలా రాలేది. పాత ఇటుక గోడ నేల నుంచీ వాన నుంచీ తడి పీల్చుకుంటుంది, గాలి ఆడినప్పుడు వదిలేస్తుంది. సున్నం పూత ఆ తడిని బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. లోపలే నిలవున్న తడి ఇటుకని తినేస్తుంది. ఈ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. మా నాన్న చదవకుండానే చెప్పారు.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో అమ్మాయి ఫోను గోడ వైపు తిప్పి, "తాతయ్యా, ఇది చూడు, ఏడుస్తోంది" అంది. అంతకుముందు ఆ కాల్స్ అయిదు నిమిషాలకి మించేవి కావు. బాగా చదువుతున్నావా? ఆఁ. తిన్నావా? ఆఁ. అంతటితో ఫోను నా చేతికొచ్చేది. ఆ రోజు మాత్రం నాన్న కళ్ళజోడు సవరించుకుని, "దగ్గరగా చూపించు తల్లీ. కింద నుంచి పైకి చూపించు. గోరుతో గీకు. తెల్లగా ఉప్పులా వస్తోందా?" అంటూ గంటసేపు మాట్లాడారు. ఆయన చిన్నప్పుడు సున్నాన్ని ఇసకతో కలిపి గానుగలో తిప్పి నూరేవారట. గుండ్రటి కాలవలో రాతి చక్రం, దాన్ని లాగుతూ ఎద్దులు. అలా నూరిన గచ్చు మెత్తగా వెన్నలా ఉండేదని చెప్పారు. సున్నం ఎండదు, ఊపిరి పీల్చుకుంటుంది అని కూడా అన్నారు. నిజమే. పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. అందుకు లోపల కాస్త తడి ఉండాలి. అందుకే పూత వేశాక తడి గోనె కప్పి, రోజూ నీళ్ళు చిలకరించి, తొందరపడకుండా ఆరనివ్వాలి. "గోడకి దాహం తీరితేనే పూత నిలుస్తుందిరా కన్నా" అన్నారట మా వాడితో. ఆ మాట అలా వచ్చింది. (సున్నం కళ్ళలో పడితే చాలా ప్రమాదం, చర్మాన్నీ కాలుస్తుంది. పిల్లల చేతికి నీళ్ళ కుంచె తప్ప సున్నం ఇవ్వను.)

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష వినబడకూడదని పట్టుబట్టాను. ఇంగ్లీషులో అడిగితే జవాబివ్వలేదు. దాంతో అది అడగడమే మానేసింది. బడిలో ఎవరేమన్నారో, ఎందుకు ఏడ్చిందో చెప్పాలంటే దాని దగ్గర తెలుగు మాటలు లేవు. ఇంగ్లీషులో చెబుదామంటే నేను వినడం లేదు. ఆర్నెల్లు అలా గడిచాయి. ఒక రాత్రి నిద్రలో ఇంగ్లీషులో కలవరిస్తుంటే పక్కన కూర్చుని విన్నాను. మర్నాటి నుంచి ఆ పట్టుదల వదిలేశాను.

ఇంటి పనిలో మాటలు వాటంతటవే వచ్చాయి. చేతిలో వస్తువుంటే దానికొక పేరు కావాలి కదా. తాపీ, రసమట్టం, మూలమట్టం, బందులు, గడియ, వాసం, దూలం. "అక్కా, రసమట్టం ఇవ్వు" అని మా వాడు అరిచినప్పుడు అది పరాయి మాటలా వినబడదు. స్క్రూ, డ్రిల్, షీట్ అన్నవీ ఆ పక్కనే ఉంటాయి. వాటికి తెలుగు వెతికి పెట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. నాన్న కూడా వీళ్ళ దగ్గర ఇంగ్లీషు మాటలు అడిగి డైరీలో రాసుకుంటున్నారు.

మా ఇంటి కిటికీలు పైకీ కిందికీ జారే రకం. అద్దం బిగించిన రెక్క బరువుగా ఉంటుంది. అయినా వేలితో నెడితే లేస్తుంది, ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. ఎలాగో మాకు తెలిసేది కాదు. పోయిన ఏడాది, రంగంతా తీసేసి శుభ్రం చేశాక, ఒక కిటికీ చట్టం పక్క చెక్క విప్పాం. లోపల సన్నటి గదిలాంటి ఖాళీలో ఇనప గుండు ఒకటి తాడుకి వేలాడుతోంది, ఆ తాడు రెండో కొస రెక్కకి కట్టి ఉంది. రెండో పక్కా అలాంటిదే. రెండు గుండ్ల బరువూ కలిపితే రెక్క బరువు. నూరేళ్ళుగా చీకట్లో అవి దిగుతూ లేస్తూ ఉన్నాయి. అమ్మాయి ఆ గుండుని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. దాని ముఖం చూస్తూ నేనలాగే నిలబడిపోయాను. రెక్క అంచు మీదా చట్టం మీదా ఒకే అంకె చెక్కి ఉంది. ఏ రెక్క ఏ చట్టానిదో తారుమారు కాకుండా ఆనాటి వడ్రంగి పెట్టుకున్న గుర్తు.

ఆ కిటికీ కింది చట్టం ఒక మూల పుచ్చిపోయింది. మొత్తం మార్చెయ్యమన్నారు, కానీ మిగతా చెక్క ఉక్కులా ఉంది. పుచ్చిన జానెడు భాగం కోసేసి, కొత్త చెక్క ఏటవాలుగా కోసి అతికాం. చిత్రిక పట్టింది మా ఆయన. జిగురు రాసింది అమ్మాయి. అద్దం చుట్టూ పెట్టే లప్పం సుద్దపొడీ అవిసె నూనే కలిపి చేతులతో మర్దించింది కూడా అదే. అవిసె నూనె తుడిచిన గుడ్డని ముద్ద చేసి మూల పడేస్తే తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. అది మాకు షెడ్డులో పొగ వచ్చాక తెలిసింది. ఇప్పుడు పని కాగానే గుడ్డల్ని నీళ్ళలో వేయడం మా వాడి బాధ్యత, ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

అతుకు గట్టిగా కుదిరింది. కానీ పాత చెక్క ముదురు గోధుమ రంగు, కొత్తది లేత పసుపు. "ఇది తెలిసిపోతోంది. రంగు కలిపి పాతదానిలా చేసేద్దామా?" అంది అమ్మాయి. అది మామూలుగా అడిగినట్టు లేదు. నెల రోజుల ముందే కజిన్స్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే దాని 'ళ' పలకడం చూసి వాళ్ళు నవ్వారు. నవ్వింది ప్రేమగానే. ఇది మాత్రం ఆ రోజు నుంచీ తెలుగులో నోరు విప్పడం లేదు. తాతయ్యతో కూడా.

నేను చదివిన సంగతి దానికి చెప్పాను. 1964లో వెనిస్‌లో పాత కట్టడాల మీద పనిచేసే వాళ్ళంతా కూడి కొన్ని సూత్రాలు రాసుకున్నారు. వెనిస్ చార్టర్ అంటారు. అందులో పన్నెండోది ఇది: పోయిన భాగం చోట పెట్టే కొత్త భాగం మొత్తంతో చక్కగా కలిసిపోవాలి, అదే సమయంలో కొత్తదని తెలియాలి కూడా. తెలియకుండా చేస్తే అబద్ధం చెప్పినట్టు. మాది గుడీ కాదు, కోటా కాదు. అయినా నాకు ఆ సూత్రం ఎంతో నచ్చింది. "ఇది కొత్తది. ఇక్కడ, నువ్వు అతికించింది. పాతదానితో కలిసి బరువు మోస్తే చాలు. పాతదానిలా కనబడక్కర్లేదు" అన్నాను. ఎందుకు చెబుతున్నానో దానికి తెలుసని నాకు తెలుసు. ఏమీ అనలేదు. పెన్సిల్ తీసుకుని కొత్త చెక్క మీద, రెక్క దించితే కనబడని వైపు, ఆ సంవత్సరం వేసింది. కింద తెలుగులో తన పేరు, తమ్ముడి పేరు, తాతయ్య పేరు రాసింది. తాతయ్య పేరులో వత్తు ఒకటి తప్పింది. నేను దిద్దలేదు.

వారం తర్వాత పెద్ద వాన. కిటికీ బయట ధారలు కడుతోంది. అమ్మాయి టార్చి వేసి కింది చట్టమంతా వేలితో తడిమి చూసింది. నన్ను అడక్కుండా నా ఫోను తీసుకుని నాన్నకి వీడియో కాల్ చేసింది. అక్కడ తెల్లవారుజాము. నాన్న నిద్రమొహంతోనే తీశారు.

"తాతయ్యా, చూడు. నీల్లు రాలేదు."

"రాలేదూ? అతుకు దగ్గర చూశావా? ఏదీ, దగ్గరగా చూపించు తల్లీ" అన్నారు నాన్న, కళ్ళజోడు వెతుక్కుంటూ.