అంకణానికి వెయ్యి ల్యూమెన్లు

ఇళ్లలోనూ చిన్న దుకాణాల్లోనూ దీపాలు ఎక్కడ, ఎన్ని అమర్చాలో లెక్కవేసి ఇవ్వడం నా వృత్తి. తిరుపతిలో ఈ పని మీద నన్ను కలిసేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఒక లక్స్‌కు ఎన్ని ల్యూమెన్లు? దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పడం సాధ్యం కాదు. దీపం నుంచి అన్ని వైపులకూ వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. ఆ కాంతి ఒక చదరపు మీటరు మేర ఎంత పడిందో లక్స్ చెబుతుంది. ఎన్ని బిందెలు పోస్తే నేల తడుస్తుందని ఎవరైనా అడిగితే, ఎంత నేల అని మనం తిరిగి అడగక తప్పదు, ఇక్కడా అంతే. కాంతి కొలతల్లో కొన్ని మార్పిడులు కేవలం గుణకారంతో తీరిపోతాయి, మిగిలినవాటికి వైశాల్యమో, కోణమో, కాంతి రంగో తెలిసి తీరాలి. ఈ రెండు రకాలనూ ఒకే పట్టికలో పక్కపక్కన అచ్చువేయడం వల్లనే ఎన్నో లెక్కలు తప్పుతున్నాయని నా అభిప్రాయం.

గుణకారంతో తీరే మార్పిడికి మంచి ఉదాహరణ ఫుట్‌క్యాండిల్. ఒక చదరపు అడుగు మీద ఒక ల్యూమెన్ సమానంగా పడితే అది ఒక ఫుట్‌క్యాండిల్. చదరపు మీటరులో 10.764 చదరపు అడుగులు ఉన్నాయి కనుక ఒక ఫుట్‌క్యాండిల్ 10.764 లక్స్‌కు సమానం. అమెరికా పుస్తకాల్లోని కొలత మనకెందుకని అనిపించవచ్చు గానీ, మన మేస్త్రీలు గదిని కొలిచేది అడుగుల్లోనే. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదిలో 2000 ల్యూమెన్ల ట్యూబ్‌లైటు బిగించి, 2000ను 120తో భాగిస్తే 16.7 వస్తుంది. ఆ వచ్చినవి ఫుట్‌క్యాండిళ్లు. వాటిని లక్స్‌గా భావించి, చదువుకునే బల్ల మీద 300 లక్స్ ఉండాలన్న సూచనతో పోల్చినవారికి గది దాదాపు చీకటిగా ఉందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి అది దాదాపు 180 లక్స్.

తిరుపతిలో ఇళ్ల స్థలాన్ని అంకణాల్లో చెప్పుకునే అలవాటు ఉంది కనుక, నేను ఈ లెక్కను అంకణంలోకే మార్చి చెబుతాను. మన అంకణం 36 చదరపు అడుగులు, అంటే 3.345 చదరపు మీటర్లు. దాన్ని 300తో గుణిస్తే 1003 వస్తుంది. అంకణానికి వెయ్యి ల్యూమెన్లు పడితే 300 లక్స్ అన్నమాట; ఇంతకంటే సులభంగా గుర్తుండే మార్పిడి నాకు మరొకటి దొరకలేదు. అంకణాన్ని 72 చదరపు అడుగులుగా లెక్కించే ప్రాంతాలవారు దీన్ని రెట్టింపు చేసుకోవాలి. అయితే ఇవి బల్ల మీదికి చేరవలసిన ల్యూమెన్లే గాని, బల్బు పెట్టె మీద ముద్రించినవి కావు. గోడలు, పైకప్పు, దీపం తొడుగు మీద పేరుకున్న దుమ్ము కలిసి వాటిలో పెద్ద భాగాన్నే తినేస్తాయి, ముదురు రంగు గోడలైతే మరీను. అందువల్ల గది మొత్తాన్ని 300 లక్స్‌కు తేవడం కంటే, చదివే చోట ఒక బల్లదీపం పెట్టుకోవడం మేలని సలహా ఇస్తాను.

ఇక కోణం సంగతి. ఒక దిశలో దీపం ఎంత తీవ్రంగా వెలుగుతుందో క్యాండెలా చెబుతుంది. 400 ల్యూమెన్ల దీపం అన్ని దిశల్లోనూ సమానంగా వెలిగితే, 400ను 12.57తో (దీపం చుట్టూ ఉన్న అన్ని దిశలూ కలిసిన ఘనకోణం, 4π) భాగించగా 32 క్యాండెలాలు వస్తాయి. అదే 400 ల్యూమెన్లు పూజగదిలోని స్పాట్‌లైటు నుంచి 60 డిగ్రీల శంకువులోకి వస్తే దాదాపు 475 క్యాండెలాలు, 36 డిగ్రీల శంకువులోకి వస్తే దాదాపు 1300 క్యాండెలాలు అవుతాయి. దూరం వర్గంతో భాగిస్తే లక్స్ వస్తుంది: రెండు మీటర్ల దూరంలో ఉన్న విగ్రహం మీద మొదటిది 119 లక్స్, రెండవది 325 లక్స్ ఇస్తుంది. పుంజం అంచు కత్తిరించినట్టు ఉండదు కాబట్టి ఇవి అంచనాలే, కానీ కొనే ముందు ఒక నిర్ణయానికి రావడానికి సరిపోతాయి. దుకాణంలో ల్యూమెన్లు మాత్రమే చూసి స్పాట్‌లైటు ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను.

కంటికి కనబడే ఉపరితలపు వెలుగును నిట్లలో కొలుస్తారు; చదరపు మీటరుకు ఒక క్యాండెలా అంటే ఒక నిట్. 300 లక్స్ వెలుతురులో ఉన్న తెల్ల కాగితం, పడిన కాంతిలో 80 శాతాన్ని అన్ని వైపులకూ తిరిగి పంపుతుందనుకుంటే, ఆ 240ను 3.14తో భాగించగా దాదాపు 76 నిట్లతో కనబడుతుంది. రాత్రి చదివేటప్పుడు ఫోన్ తెరను ఆ దరిదాపుల్లో ఉంచుకుంటే కంటికి హాయిగా ఉంటుంది. ఉపరితలపు వెలుగుకు అడుగుల లెక్కలో ఉన్న కొలత ఫుట్‌లాంబర్టు; సినిమా తెరకు ప్రమాణమైన 14 ఫుట్‌లాంబర్టులను 3.426తో గుణిస్తే 48 నిట్లు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది వాట్ల దగ్గర. 1979లో క్యాండెలాను కొత్తగా నిర్వచించినప్పుడు, 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆకుపచ్చ కాంతి ఒక వాట్ ఉంటే 683 ల్యూమెన్లని స్థిరపరిచారు. మన కన్ను బాగా పట్టుకునే రంగు అదే. 1924 నుంచి ప్రమాణంగా ఉన్న కంటి స్పందన రేఖ ప్రకారం 450 నానోమీటర్ల నీలి కాంతి ఒక వాట్‌కు 26 ల్యూమెన్లే, 660 నానోమీటర్ల ఎరుపు కాంతి దాదాపు 42 ల్యూమెన్లే. లక్స్ మీటరు కొలిచేది మనిషి కంటికి తోచే వెలుగునే గనుక మొక్కల విషయంలో అది దారి తప్పిస్తుంది. మొక్కకు లెక్క ఫోటాన్లు, అంటే కాంతి కణాలు. వాటి సంఖ్యను మైక్రోమోల్ అనే పెద్ద ప్రమాణంలో, చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లని కొలుస్తారు. ఎండలో 54 లక్స్‌కు ఒక మైక్రోమోల్, పాత తీగబల్బు కింద సుమారు 50 లక్స్‌కు ఒకటి, 660 నానోమీటర్ల ఎరుపు ఎల్ఈడీ కింద ఏడున్నర లక్స్‌కే ఒకటి.

కుప్పం వైపు చామంతి పండించేవారికి ఈ తేడా తెలిసి ఉండాలి. చామంతి పగటి వేళ తగ్గినప్పుడు మొగ్గ తొడిగే మొక్క కాబట్టి, పూతను ఆలస్యం చేయాలంటే రాత్రిపూట దీపాలు వెలిగిస్తారు. అందుకు 10 ఫుట్‌క్యాండిళ్లు చాలునన్న పాత సూత్రం తీగబల్బుల కాలం నాటిది. అది 108 లక్స్, అంటే రెండు మైక్రోమోల్‌లకు కొంచెం పైన. ఎరుపు ఎల్ఈడీలతో అదే రెండు మైక్రోమోల్‌లు ఇస్తే లక్స్ మీటరు 15 లేదా 16 మాత్రమే చూపుతుంది. మీటరు 108 చూపేదాకా ఎరుపు దీపాలు పెంచుకుంటూ పోయే రైతు, కావలసినదానికి ఏడు రెట్ల దీపాలు కొని ఏడు రెట్ల కరెంటు బిల్లు కడతాడు.