కౌసల్యమ్మ దోమలనూ మరచిపోలేదు

వనవాసానికి బయలుదేరే రాముణ్ణి కౌసల్యమ్మ దీవించే అయోధ్యకాండ 25వ సర్గలో "యం పాలయసి ధర్మం త్వం" దగ్గర అందరూ ఆగి కళ్ళకద్దుకుంటారు. ఆగవలసిందే. నువ్వు కాపాడిన ధర్మమే నిన్ను కాపాడుగాక అన్న తల్లి దీవెన అది. బాధల్లా ఆ తరువాతి శ్లోకాలను గబగబా చదివేయడమే.

లోకపాలకులను, సముద్రాలను, పర్వతాలను, ఋతువులను, రేయింబవళ్ళను పిలిచి బిడ్డను అప్పగించింది కౌసల్యమ్మ. అయినా మనసు కుదుటపడలేదు. "ప్లవగా వృశ్చికా దంశా మశకాశ్చైవ కాననే" అంది. కోతులు, తేళ్ళు, కుట్టే ఈగలు, దోమలు ఆ అడవిలో నా తండ్రి జోలికి రాకూడదట! తాటకను కూల్చిన వీరుడికి దోమ ఒక లెక్కా? తల్లికి లెక్కే. నేలమీద పడుకోబోయే బిడ్డ ఒళ్ళు ఆమె కళ్ళముందుంది.

దీవెనతో సరిపెట్టుకోలేదు. నెయ్యి, తెల్లని మాలలు, సమిధలు, తెల్ల ఆవాలు సమకూర్చి హోమం చేయించింది. గుచ్చుకున్న బాణపు ముల్లును వెలికితీసే విశల్యకరణిని మంత్రించి రక్ష కట్టింది. యుద్ధకాండలో ఓషధిపర్వతం మీది నాలుగు మందుల్లో అదీ ఉంది. యుద్ధంలో పడిపోయిన రామలక్ష్మణులు ఆ మందుల వాసన సోకే లేచారు. చివరికి నిండిన కళ్ళతో కొడుకు చుట్టూ ప్రదక్షిణ చేసి, మళ్ళీ మళ్ళీ గుండెకు హత్తుకుంది.

ఇంట్లో దిష్టి తీసే చేయి ఆ తల్లి చేయే. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో ఉప్పు తిప్పేయకండి. దీపం పెట్టాక బిడ్డను తూర్పుముఖంగా కూర్చోబెట్టి, గుప్పెడు కల్లుప్పు, మూడు ఎండుమిరపకాయలు పట్టుకుని, తల నుంచి పాదాల దాకా చూస్తూ మూడుసార్లు తిప్పండి. అలా చూసినప్పుడే ఒంటిమీద దద్దురో, కాలి వాపో కంటపడుతుంది. పెరట్లో నిప్పులమీద వేసే మిరపకాయలను ఫ్లాట్‌లో గ్యాస్ పొయ్యిమీద మాడిస్తే ఆ ఘాటుకు పసివాడు ఉక్కిరిబిక్కిరవుతాడు. ఉప్పు ఒక్కటే తిప్పి నీళ్ళలో కలిపేయండి, చాలు. ఎర్రనీళ్ళకైతే చెంబుడు నీళ్ళకు అర చెంచా పసుపు, శనగగింజంత సున్నం. సున్నం ఎక్కువైతే చుక్క కంట్లో పడ్డా ప్రమాదమే.

దిష్టి తీసి దోమతెర మరచిపోతే ఆ రక్ష సగమే. డెంగీ దోమ పగలే కుడుతుంది. మధ్యాహ్నం నిద్రకూ తెర దించి, అంచులు పరుపు కిందికి దోపండి.

కాటుక కంటికి పెట్టకండి. చాలా కాటుకల్లో సీసం ఉంటుంది. చుక్క అరికాలికి పెట్టండి, నోట్లో వేలు పెట్టుకునే పిల్లల చేతికి అంత సులువుగా అంటదు. రక్షతాడు మెడలో వద్దు, నిద్రలో దేనికైనా తగులుకుంటే ఊపిరాడదు. మొలకు కట్టి, కింద వేలు సులువుగా దూరుతోందో లేదో వారం వారం స్నానం చేయించేటప్పుడు చూసి, బిగిస్తే అప్పుడే వదులు చేయండి.