అడ్డం రాని కుక్క

హన్మకొండ నుంచి రామప్ప గుడి డెబ్బై కిలోమీటర్ల లోపే. పొద్దున ఆరింటికి బండి తీస్తే ఎండ ఎక్కకముందే అక్కడుంటాం. అయినా మేం ఆ రోడ్డు మొహం చూడక తొమ్మిది నెలలు దాటింది. కారణం కుక్క అని మా చుట్టాలందరికీ తెలుసు.

ఆ కుక్క సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. పోయిన జనవరిలో ములుగులో ఒక పెళ్ళికి పోయి వస్తుంటే, గూడెప్పాడ్ ఇంకాస్త దూరం ఉందనగా స్కూటీ పడింది. నాకు మోచెయ్యి చెక్కుకుపోయింది. వెనక కూర్చున్న మా ఆవిడకు కుడిచేతి మణికట్టు విరిగి, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. రోడ్డు మీద మూగిన వాళ్ళలో ఎవరో "ఏమైందే అన్నా?" అని అడిగితే నా నోట్లోంచి "కుక్క" అని వచ్చింది. నిజానికి కుక్కా లేదు, పిల్లీ లేదు. జేబులో ఫోను మోగితే తీసి ఎవరా అని చూశాను. ఆ చూపు పైకి లేచేలోపే ముందు చక్రం తారు అంచు దిగి మొరంలో జారింది.

మొదట్లో అది ఉత్త కుక్కే. ఆస్పత్రిలో బామ్మర్ది అడిగేసరికి నల్లకుక్క అయింది. మామగారికి చెప్పేటప్పుడు దానికి ఒక చెవి తెగింది. మా పాప డ్రాయింగ్ పుస్తకంలో దాని బొమ్మ వేసి, ఎర్ర స్కెచ్‌తో కళ్ళు పెట్టి, "గిట్లనే ఉండెనా డాడీ?" అని తెచ్చి చూపించింది. తోక ఇంకొంచెం పొడుగు అన్నాను. ఆ తోక అవసరం ఎవరికొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను ఎనుమాముల మార్కెట్లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. పత్తి, మిర్చి. కాంటా మీద బస్తా పెట్టినప్పుడు రైతు చూసే చూపు ఒకసారి చూస్తే మరిచిపోరు. ఒకప్పుడు ముల్లు వంక చూసేవాళ్ళు, ఇప్పుడు ఎర్ర అంకెల వంక. సాయంత్రం తక్‌పట్టీలకూ, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలకూ, రోజు పద్దుకూ నూటపది రూపాయలు తేడా వచ్చినా, అది ఎక్కడ పడిందో దొరికేదాకా నేను ఇంటికి కదలను. దుకాణంలో నాకు ఆ పేరుంది. అలాంటి మనిషిని, ఇంత పెద్ద తేడాను కుక్క ఖాతాలో రాసేసి హాయిగా పడుకున్నాను. హాయిగా అంటే మొదటి నెల మాత్రమే.

దసరా పోయాక వచ్చిన ఆదివారం, మార్కెట్ బంద్. "రామప్పకు పోదామా?" అని మా ఆవిడే అడిగింది. కారు మాట్లాడతానంటే వద్దంది. "ఎన్నాళ్ళు భయపడతం, బండి మీదనే పోదాం." పాపను అమ్మమ్మ దగ్గర దింపి వచ్చాం. గేటు వేస్తుంటే ఎదురింటి అరుగు మీద పడుకున్న గల్లీ కుక్క తలెత్తి చూసి మళ్ళీ పడుకుంది. ఫోను డిక్కీలో పెట్టి తాళం వేశాను. ఎందుకని అడిగింది. చార్జింగ్ లేదన్నాను. ఎనభై శాతం ఉంది.

ములుగు రోడ్డు ఇప్పుడు బాగానే ఉంది, లారీలే ఎక్కువ. పడ్డచోటు వచ్చేసరికి ఆమె ఎడమచెయ్యి నా నడుం దగ్గర బిగిసింది. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మల్లంపల్లి దాటాక చెయ్యి వదులైంది. జాకారం దగ్గర గట్టమ్మ గుడి ముందు ఆపమంది. మేడారం పోయే వాళ్ళు ముందు ఈ తల్లికి మొక్కి గానీ ముందుకు పోరు. కొత్త బండ్ల వాళ్ళూ ఆగుతారు. కొబ్బరికాయ కొట్టి, మా పాత స్కూటీ హ్యాండిల్‌కు కుంకుమ పెట్టింది. "తల్లీ, ఏ జంతువు అడ్డం రాకుంట చూడు" అని ఆమె పైకే మొక్కుకుంటుంటే నేను పక్కకు తిరిగి హెల్మెట్ బెల్టు సర్దుకున్నాను.

జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగితే ఇక పొలాలే. వరి కోతకు దగ్గరపడి ఉంది. పాలంపేట చేరి చెప్పులు విడిచి లోపలికి నడిచాం.

రామప్ప గుడిని ఫొటోల్లో చూసిన వాళ్ళకు దాని రంగు సరిగ్గా తెలియదు. గోడలు ఎర్రటి ఇసుకరాయి. మండపం స్తంభాలూ, చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలనే ఆడవాళ్ళ శిల్పాలూ నల్లరాయి. ఆ నలుపు ఎంత నున్నగా ఉంటుందంటే పొద్దుటి ఎండలో తడిసినట్టు కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించాడని శాసనం చెబుతోంది. దేవుడు రామలింగేశ్వరుడు, రుద్రేశ్వరుడని కూడా అంటారు. జనం మాత్రం చెక్కిన శిల్పి పేరు రామప్ప అనీ, గుడికి ఆ పేరే నిలిచిందనీ చెప్పుకుంటారు. డబ్బు పెట్టిన వాడి పేరు రాతిలో, పని చేసిన వాడి పేరు నోళ్ళలో. 2021 జులైలో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక రద్దీ పెరిగింది గానీ, పొద్దున్నే వస్తే ఇప్పటికీ ప్రశాంతంగానే ఉంటుంది.

గైడ్ పెద్దాయన. ఆయన చెప్పేదంతా ఆయనకు కంఠతా వచ్చు, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి పోతాడు. గోపురం ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలికని, పైన బరువు తగ్గించడానికే అలా చేశారని చెప్పాడు. పునాదిలో గొయ్యి తవ్వి ఇసుక నింపి దాని మీద కట్టారని, భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక తీసుకుంటుందని చెప్పాడు. ఇసుక మీద నిలబడేవి పిల్లలు కట్టే పిచ్చుక గూళ్ళే అనుకునేవాణ్ణి నేను. మా ఆవిడకూ అదే అనుమానం వచ్చింది.

"ఇసుక జారిపోదా?"

"నాలుగు దిక్కులా కట్టి ఉంటదమ్మా, ఏడికి పోతది?" అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పోలేదు, నిజమే. కానీ కదల్లేదని కాదు. మండపంలో నేల ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. కాలు పెడితే తెలుస్తుంది. కుంగాల్సిన చోట కుంగి, సర్దుకుని, మళ్ళీ నిలబడింది. నాకు ఆ నేల మీదే ఎక్కువసేపు ఉండాలనిపించింది. స్తంభం మీద చెక్కిన నగల మధ్య సూది దూరేంత సందులు చూపించాడు గైడ్. బయట ఒక మదనిక దగ్గర ఆగి, ఎత్తు మడమల చెప్పులు చూపించి, "ఎనిమిది వందల ఏండ్ల కింద హైహీల్స్!" అన్నాడు. అందరూ నవ్వి ఫొటోలు తీసుకున్నారు.

నేను చూసింది చెప్పుల్ని కాదు. ఆ పక్కనున్న ఇంకో మదనిక బరువంతా ఒంటికాలి మీద వేసి, నడుం ఒక పక్కకు, తల ఇంకో పక్కకు వాల్చి నిలబడింది. పడిపోవాలి, పడదు. ఎవరూ చూడట్లేదు కదా అని నేనూ అలా నిలబడబోయాను. మూడు సెకన్లలో గోడ పట్టుకున్నాను. మా ఆవిడ చూడనే చూసింది. చాలా రోజులకు గట్టిగా నవ్వింది. నటరాజ రామకృష్ణ ఈ శిల్పాల భంగిమలూ, గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నాట్యగ్రంథమూ ముందు పెట్టుకునే పేరిణి నాట్యానికి మళ్ళీ ప్రాణం పోశారు. నర్తకి అలా నిలబడటం నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో గానీ, శిల్పి మాత్రం ముందు దాన్ని తలలో నిలబెట్టి ఉండాలి. తలలో నిలబడితే చాలదు. ఉలి పెట్టాక ఒక గజ్జె విరిగితే అది విరిగినట్టే, వచ్చిన ప్రతివాడికీ కనపడుతుంది. నేను కల్పించిన కుక్కకు ఉలితో పనే లేదు. చెవి తెంపితే తెగింది, తోక సాగదీస్తే సాగింది.

పక్కనే కామేశ్వరాలయం. శిథిలమైన గుడిని రాయి రాయి విప్పి మళ్ళీ కట్టే పని పెట్టుకున్నారు. రాళ్ళ మీద నంబర్లు. ఎక్కడి నుంచి తీశారో రాసుకోకపోతే తిరిగి అక్కడ పెట్టలేరు కదా. గుమాస్తాను, నాకు ఆ నంబర్లు చూస్తే ఎక్కడ లేని గౌరవం కలిగింది. "రాళ్ళను గంతసేపు చూస్తున్నవ్?" అంది మా ఆవిడ.

రామప్ప చెరువు కట్ట మీద తెచ్చుకున్న పులిహోర తిని, అక్కడి నుంచి లక్నవరం పోయాం. మళ్ళీ హైవే ఎక్కి, చల్వాయి దాటాక లోపలికి. అదీ కాకతీయుల నాటి చెరువే, గుట్టల మధ్య నిండుగా ఉంది. నీళ్ళ మీద దీవులు, వాటికి వేలాడే వంతెన. వంతెన గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఆదివారం కాబట్టి మనుషుల మీద మనుషులు. కాలేజీ పిల్లలు నడుమకు పోయి కావాలనే ఊపుతున్నారు. మా ఆవిడ కుడిచేత్తో తాడు పట్టుకోబోయి మానేసింది. ఆ చేతి పట్టు ఇంకా పూర్తిగా రాలేదు. నా భుజం పట్టుకుని నడిచింది. వంతెన ఊగితే గట్టిగా నిలబడకూడదని, ఊపుతోపాటు మోకాళ్ళు వదలాలని రెండడుగులేశాక ఇద్దరికీ తెలిసింది.

అవతలి ఒడ్డున చెట్టుకింద కూర్చున్నాక అంది: "పోయేటప్పుడు గూడెప్పాడ్ దగ్గర జర మెల్లగ పో. ఆడ కుక్కలుంటయ్."

"కుక్క లేదు" అన్నాను.

"ఏంది?"

"ఆ రోజు కుక్క లేకుండె. ఫోన్ చూసిన."

ఆమె నీళ్ళ బాటిల్ మూత తీసింది, మళ్ళీ పెట్టింది. మణికట్టు మీద కుట్ల గీత నాకు అంత దగ్గరగా ఎప్పుడూ కనపడలేదు, లేదా నేను చూడలేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెంటికీ జవాబులు తయారుచేసుకున్నాను కూడా.

"ఎవరు చేసిన్రు ఫోన్?"

ఆ ప్రశ్నకు మాత్రం తయారుగా లేను. "పర్సనల్ లోన్ కావాల్నా అని."

చాలాసేపు చెరువు వంక చూసింది. "గల్లీల కుక్కకు అన్నం పెట్టుడు బంద్ చేసిన నేను" అంది చివరికి. "రోజూ గేటు కాడికి వచ్చి నిలబడేది. నీ కుక్క యాదికొచ్చి కట్టెతోని కొట్టిన ఒకసారి. అదేం జేసింది పాపం?"

నాకు ఆ సంగతే తెలియదు. అరుగు మీద నుంచి పొద్దున అది చూసిన చూపు అప్పుడు గుర్తొచ్చింది.

"మా నాయినకు నువ్వే చెప్పు. పాపకు కూడ నువ్వే చెప్పు. నేను చెప్ప" అని లేచింది.

తిరుగుదారిలో ఆమె నన్ను పట్టుకోలేదు, సీటు వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. నలభై దాటకుండా నడిపాను. గూడెప్పాడ్ ముందు నిజంగానే రెండు కుక్కలు రోడ్డు పక్కన పడుకుని ఉన్నాయి. కదల్లేదు. హన్మకొండ చేరేసరికి చీకటి పడింది. అత్తగారింట్లో మామగారు టీవీ చూస్తున్నారు. చెబితే సౌండ్ తగ్గించి, "అట్లనా" అని ఒక్కమాట అన్నారు. మళ్ళీ సౌండ్ పెంచలేదు. పాప మాత్రం "మరి నా బొమ్మ?" అంది. దానికి ఇంకా జవాబు చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వండి, పాలు కలిపి, పాత స్టీలు గిన్నె నా చేతికిచ్చింది. గేటు తీసి "దా, దా" అన్నాను. కుక్క అరుగు మీదే లేచి నిలబడింది, రాలేదు. లైటు స్తంభం కింద రాయి మీద గిన్నె పెట్టి, వెనక్కి పది అడుగులు వేసి నిలబడ్డాను. అది గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. ఇంకో పది అడుగులు వెనక్కి వేశాను.