గత తీర్మానం చదివాకే గ్రామసభ

కిందటి వేసవిలో మా ఊరి గ్రామసభకు వెళ్లాను. పది గంటలకని చాటింపు వేయగా, పదకొండున్నరకు నలభై మందిమి చేరాము. సభ ఇంకా మొదలు కాకముందే మినిట్స్ పుస్తకం చేతులు మారి, సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. తీర్మానాలు రాయవలసిన చోటు మాత్రం పైన ఖాళీగానే ఉంది. అక్కడ తరువాత ఏమి రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

సభలు జరగకపోవడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున ఉపాధి హామీ పనులపై సభలు పెట్టారు. జనం రారన్న మాటా పూర్తిగా నిజం కాదు. 2025 జనవరిలో తెలంగాణ గ్రామసభల్లో రేషన్ కార్డుల, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివినప్పుడు జనం తరలివచ్చారు, పేరు లేనివారు చాలాచోట్ల గట్టిగా నిలదీశారు. ఆ గొడవను అధికారులు ఇబ్బందిగా భావించి ఉండవచ్చు గానీ, నాకు మాత్రం అది సభకు ప్రాణమున్నదనడానికి గుర్తుగా తోచింది. తన పేరున్న కాగితాన్ని పదిమందిలో చదువుతారంటే మనిషి కూలి మానుకునైనా వస్తాడు.

ఈ సంగతి మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి జరిగిన ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో, మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, రాసిన పనిదినాలను కూలీల ఇళ్లకు వెళ్లి సరిచూసి, ఆపైన ఊరి సభలోనూ మండల స్థాయి బహిరంగ విచారణలోనూ వినిపించేవారు. దస్త్రం చెప్పేదీ మనిషి చెప్పేదీ ఒకేచోట ఎదురుపడడమే ఆ పద్ధతి బలం.

కాబట్టి ఎజెండాలో మొదటి అంశంగా కిందటి సభ తీర్మానాలను, ఒక్కొక్కటి ఏమైందో, ఎంత ఖర్చయిందో చెబుతూ కార్యదర్శి చదవాలి. కొత్త తీర్మానాన్ని అక్కడే రాసి, చదివి వినిపించిన తరువాతే సంతకాలు తీసుకోవాలి. నాట్ల రోజుల్లో సభను సాయంత్రానికి మార్చడం, మహిళా సంఘాల సమావేశంలో ఎజెండాను ముందే చెప్పడం కూడా అవసరమే. అయితే మొదటిది లేకుండా ఇవి ఎన్ని చేసినా కుర్చీలు నిండుతాయేమో గానీ, పని జరగదు.

మా కార్యదర్శి గారిని ఇదే అడిగాను. చదవడానికి తనకేమీ అభ్యంతరం లేదని, పాత పుస్తకం మాత్రం ఆడిట్‌కు వెళ్లిందని చెప్పారు. అది ఎప్పుడు తిరిగి వస్తుందో తెలపమని అర్జీ రాసి, రసీదు తీసుకున్నాను.