మన్ననూరు గేటు దగ్గర ఒక రాత్రి

శనివారం మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరాలనుకున్నాం. సోమవారానికి పత్రికకు కథ పంపాలి. నల్లమల దారిలో లారీ నడిపే డ్రైవరు కథ అది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అతను రాత్రంతా ఆగిపోయే ఘట్టం ఒక్కటే మిగిలింది. ప్రయాణానికి ముందే రాసేద్దామని తెల్లవారుజామున అయిదింటికి లేచాను. ఆరింటికల్లా బోరు మోటారు కాలిపోయింది. మెకానిక్ మూడింటికి గానీ రాలేదు. మధ్యలో అత్తయ్య ఊరి నుంచి ఫోన్, బీపీ మాత్రలు ఏ సంచిలో పెట్టావమ్మా అని. ఎలాగో రెండు పేజీలు రాశాను. ఇల్లు కదిలేసరికి అయిదున్నర.

కారులో నేను రాయలేను, కళ్ళు తిరుగుతాయి. అందుకే దారిలో చెవిన పడ్డ మాటలు మాత్రం చిన్న నోటుబుక్కులో వేసుకుంటాను. కల్వకుర్తిలో మిర్చిబజ్జీల బండి దగ్గర ఒకావిడ "నూనె ఇంకా కాగలే, జర కూసోండ్రి" అంది. అది రాసుకున్నాను. డిండి రిజర్వాయరు వచ్చేసరికి చీకటి పడిపోయి నీళ్ళు కనిపించలేదు.

మన్ననూరు చేరేటప్పటికి తొమ్మిదీ పది. గేటు వేసేశారు. అక్కడి నుంచి దారి అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపలిది. రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఎవరినీ వదలరు. ఈ సంగతి మీదే కథ రాస్తూ కూడా నేను టైము లెక్క చూసుకోలేదు. మా ఆయన విసుక్కున్నారు. బాబు ఏడ్చి ఏడ్చి వెనక సీట్లో నిద్రపోయాడు.

నేను కిందికి దిగాను. పొద్దున నేను రాసిన గేటు దగ్గర చిమ్మచీకటి, కీచురాళ్ళు, గుండె చిక్కబట్టుకున్న డ్రైవరు. ఇక్కడ గేటు మీద లైటు వెలుగుతోంది. లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఒక క్లీనరు క్యాను నీళ్ళతో పళ్ళేలు కడుగుతున్నాడు. ఒక పెద్దాయన లారీ పక్కన దుప్పటి పరుచుకుని, ఫోను గుండెల మీద పెట్టుకుని, కూతురితో పదమూడో ఎక్కం చెప్పిస్తున్నాడు. ఆ పిల్ల ఎక్కం ముగించేదాకా ఆగి, రాత్రంతా ఇక్కడ ఇబ్బంది కాదా అని అడిగాను.

"ఈ గేటు లేకపోతే ఓనరు మమ్మల్ని పండనిస్తడా అమ్మా?" అన్నాడు.

కారులోకి వచ్చి ఆ రెండు పేజీలూ కొట్టేశాను. ఫోను వెలుగులో మళ్ళీ మొదలుపెట్టాను. బాబు నీళ్ళకు లేచాడు, మా ఆయన లైటు తీసేయమన్నారు, దోమలు సరేసరి. రెండు గంటల దాకా రాస్తే నాలుగు పేజీలయింది.

ఆరింటికి గేటు లేచింది. అడవి తడితడిగా, ఎండుటాకుల వాసనతో ఉంది. మా ముందు కారువాళ్ళు కోతులకు బిస్కెట్లు విసిరారు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ బిస్కెట్ల కోసమే అవి రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడేది. దోమలపెంట, ఈగలపెంట దాటి ఘాట్ దిగాక డ్యామ్ కనిపించింది. పన్నెండు గేట్లూ మూసి ఉన్నాయి.

దర్శనం క్యూలో ఉండగా కథ చివరి వాక్యం తట్టింది. ఫోను, నోటుబుక్కు బయట కౌంటర్లో ఉన్నాయి. వాక్యాన్ని లోపల్లోపలే వల్లించుకుంటూ నడిచాను. బాబు ఎత్తుకోమన్నాడు, మంచినీళ్ళడిగాడు, చెప్పులెక్కడని అడిగాడు. బయటికొచ్చాక మిగిలింది సగం వాక్యమే. ఆ సగమే రాసుకున్నాను.

సోమవారం తెల్లవారుజామున వంటింటి బల్ల మీద మళ్ళీ కూర్చున్నాను. డ్రైవరు కూతురు "పదమూడార్లు" దగ్గర తడబడే చోట ఉన్నాను. పాలవాడు బెల్లు కొట్టాడు. వాక్యం పూర్తి చేసి, అప్పుడు లేచి తలుపు తీశాను.