కరోనా రోజుల్లో మా ఇంటికి పనికొచ్చే సమాచారం ఎలా ఏరుకున్నానంటే

"రోజుకి రెండు కొబ్బరి బొండాలు తాగండి. గంటగంటకీ వేడినీళ్ళు తాగండి. విటమిన్ సి మాత్రలు మానొద్దు." 2020 వేసవిలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగిన మెసేజ్ ఇది. పచ్చి అబద్ధం అనడానికి ఇందులో ఏమీ లేదు. కాకపోతే అది వచ్చిపడింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోకి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు మనిషి లేని వీధి దొరకడం కష్టం. బొండాలకి కరువు లేని ఊళ్ళు కాబట్టి సలహా పాటించడమూ తేలికే.

డయాలసిస్ చేయించుకునే మనిషికి ఆ మూడూ ముప్పే. ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ వాళ్ళకి రోజంతటి తిండిలో కలిపి 2,000 దాటకుండా చూసుకోమంటారు. రెండు బొండాలతో సగం దాటిపోతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. నీళ్ళకీ లెక్కుంటుంది: ముందురోజు వచ్చిన మూత్రం ఎంతో కొలిచి, దానికి అర లీటరు కలిపి, అంతలోనే సరిపెట్టుకోమని సాధారణంగా చెబుతారు. గంటకో గ్లాసు తాగితే ఆ నీరు కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "కరోనా వచ్చేసింది" అని హడలిపోతారు. విటమిన్ సి ఎక్కువైతే ఆక్సలేట్‌గా మారి ఉన్న కిడ్నీని ఇంకా పాడుచేస్తుంది.

అందుకని ఏ సమాచారం వచ్చినా నిజమా అబద్ధమా అన్న దగ్గర ఆగకుండా ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవరికన్నారు అని చూడటం మొదలుపెట్టాను. మూడోదే అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. జనం అడగనిది కూడా అదే.

దానికి ముందు చేసిన పని ఒక నోటుపుస్తకం. ఇంట్లో మనిషికో పేజీ. వయసు, బరువు, పాత జబ్బులు, రోజూ వేసుకునే మాత్రల పేర్లు, పడని మందులు, ఆఖరిసారి చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, ఏ తేదీన. పిల్లల బరువు మూడు నెలలకోసారి అంగన్‌వాడీ కాటా మీద తూయించి రాశాను, మందు లెక్కంతా దాని మీదే ఉంటుంది కాబట్టి. చివరి పేజీలో నంబర్లు: అంబులెన్సుకి 108, సలహాకి 104, కేంద్రం హెల్ప్‌లైన్ 1075, మన రాష్ట్రం 2020 ఏప్రిల్‌లో పెట్టిన టెలిమెడిసిన్ 14410. దానికి మిస్డ్ కాల్ ఇస్తే వాళ్ళే తిరిగి చేసేవారు. ఫోన్లో డాక్టరు మొదట అడిగేది వయసూ, బరువూ, పాత జబ్బులే. అప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటే లైను తెగిపోతుంది.

ఇక ఎవరన్నారు. "పెద్దాసుపత్రిలో డాక్టరు గారు చెప్పారు" అన్న ఆడియోలో పేరుండదు, తేదీ ఉండదు, ఏ ఊరి ఆసుపత్రో ఉండదు. అలాంటివి వినడం కూడా మానేశాను. టైపు చేసిన మెసేజ్ అయితే "దీని అసలు కాగితం పంపు" అని అడిగేవాణ్ణి. పదింట తొమ్మిదిసార్లు రాదు, అక్కడితో గొడవ తీరిపోతుంది. కాగితం వస్తే అది కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి), డబ్ల్యూహెచ్‌ఓ సైట్లలో ఉందేమో చూడాలి. మన ప్రభుత్వ సైట్ల చిరునామా జీఓవీ డాట్ ఇన్ అనో, ఎన్ఐసీ డాట్ ఇన్ అనో ముగుస్తుంది. మధ్యలో జీఓవీ అని ఉండి చివర డాట్ కామ్ అని ఉంటే అది దొంగ సైటు. టీకా నమోదు రోజుల్లో కేంద్రం టీకా సైటు కోవిన్ పేరుతో ఇలాంటివే తిరిగాయి. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెడితే ఎప్పటిదో, ఎక్కడిదో చాలాసార్లు తేలిపోతుంది. తెలుగులో వార్తల నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌లీ వాళ్ళ పరిశీలనలు, కేంద్ర ప్రభుత్వ ప్రకటనల సంగతైతే కేంద్ర సమాచార విభాగం పీఐబీ వాళ్ళ ఫ్యాక్ట్ చెక్ అక్కరకొచ్చాయి. వెతికేటప్పుడు "కరోనా మందు నిజమా" అని కాకుండా మెసేజ్‌లోని వింత మాటనే కొట్టాలి. 2021 ఏప్రిల్‌లో కర్పూరం, వాము, లవంగాలు, నీలగిరి తైలం మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్నారు కదా, "కర్పూరం వాము మూట" అని కొడితే వెంటనే దొరికింది. దాంతో ఆక్సిజన్ పెరగదు. పైగా పసిపిల్లలు కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. మూట కంటే అదే పెద్ద భయం.

మన వైపు ఇంకో చిక్కుంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, గంజాం జిల్లా. అక్కడి ఉత్తర్వులూ, తెలంగాణ ఉత్తర్వులూ మనవన్నట్టే గ్రూపుల్లో తిరిగేవి. కాగితం పైన ఏ రాష్ట్రం, కింద ఏ అధికారి హోదా అన్నవి ముందు చదివితే సగం కంగారు తగ్గేది.

తేదీ సంగతి మరీ తమాషా. కోవిషీల్డ్ టీకా రెండో డోసు మొదట 4 నుంచి 6 వారాలకి అన్నారు. 2021 మార్చి 22న 6 నుంచి 8 వారాలన్నారు. మే 13న 12 నుంచి 16 వారాలన్నారు. మూడూ ప్రభుత్వం ఇచ్చినవే. మార్చిలో మొదటి డోసు వేసుకున్న పెద్దవాళ్ళు మే నెలాఖరులో పీహెచ్‌సీ దగ్గర ఎండలో నిలబడి, "ఇంకా టైం ఉందమ్మా" అనిపించుకుని తిరిగొచ్చేవారు. కోవాగ్జిన్ మాత్రం 4 వారాలే. పక్కింటివాళ్ళకి వేశారు, మాకెందుకు వెయ్యరన్న తగాదాలన్నీ ఇక్కడివే. గర్భిణులకి 2021 జులై 2న గానీ కేంద్రం ఒప్పుకోలేదు. జూన్‌లో వద్దన్న ఏఎన్‌ఎమ్మే జులైలో రమ్మంది. రెండుసార్లూ ఆమె చెప్పింది సరైనదే.

మందులదీ అదే కథ. ప్లాస్మా చికిత్సని (కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసిన ప్లాస్మా ఎక్కించడం) 2021 మే 17న జాతీయ మార్గదర్శకాల్లోంచి తీసేశారు. హైడ్రాక్సీక్లోరోక్విన్, ఐవర్‌మెక్టిన్‌లని సెప్టెంబరులో తీసేశారు. కానీ ఏప్రిల్ నాటి కాగితం, పైన మూడు సింహాల గుర్తుతో, ఆ తర్వాత నెలల తరబడి చేతులు మారుతూనే ఉంది. ఇంట్లో ఐసొలేషన్ కూడా 10 రోజులన్నది 2022 జనవరిలో 7 అయింది. అందుకే గోడకి అంటించిన కాగితం మీద ఎర్ర పెన్నుతో తేదీ వేసేవాణ్ణి. కొత్తది రాగానే పాతది చింపేయాలి. దాని పక్కనే అంటిస్తే పెద్దవాళ్ళు తమకి నచ్చినదాన్ని చదువుకుంటారు.

ఎవరికన్నారు అన్నదానికి స్టెరాయిడ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ (కరోనా రోగుల మీద మందుల్ని పరీక్షించిన అధ్యయనం) వాళ్ళు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు నిలుపుతోందని చెప్పారు. అదే ఫలితంలో, ఆక్సిజన్ అవసరం లేని రోగులకి లాభం కనిపించలేదనీ ఉంది. మన దాకా మొదటి ముక్కే వచ్చింది. రెండో రోజు జ్వరానికే ఆ మాత్రలు మింగినవాళ్ళకి షుగరు ఎగిసిపోయింది. 2021 మేలో బ్లాక్ ఫంగస్ అంతగా పెరగడానికి అదుపులేని షుగరూ, అతిగా వాడిన స్టెరాయిడ్లూ పెద్ద కారణాలు.

నొప్పి మాత్రలు ఉద్దానానికి ఇంకా దగ్గరి సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ కిడ్నీకి చెరుపు. "పారాసెటమాలే కదా" అని తెచ్చిన అట్ట వెనక్కి తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 అని రెండు పేర్లుంటాయి. జ్వరానికీ ఒళ్ళునొప్పులకీ ఒకే మాత్ర అంటే దాదాపు ఇదే. ఫోన్లో అట్టని ఫొటో తీసి, పెద్దది చేసి, ప్రతి పేరూ చదవాలి. ఒట్టి పారాసెటమాల్ అయినా జలుబు మాత్రల్లో కలిసే ఉంటుంది, కాబట్టి రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. ఇంటి వైద్యానికి ఆరోగ్యశాఖ చెప్పింది పెద్దలకి 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ రోజుకి నాలుగుసార్లు దాకా. కిడ్నీ, లివరు జబ్బులున్నవాళ్ళకి ఎంతో డాక్టరే చెప్పాలి. ఇంకొకటి, విటమిన్ డి 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి. దాన్ని రోజుకొకటి వేసుకున్నవాళ్ళు కొల్లలు.

పిల్లల పారాసెటమాల్ సిరప్ దగ్గర నేనే తడబడ్డాను. ఒక్కసారికి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క. 10 కిలోల గుంటడికి ఎక్కువలో ఎక్కువ 150. సీసా మీద 5 మిల్లీలీటర్లకి 120 అని ఉంటే ఆరుంపావు మిల్లీలీటర్లు, 250 అని ఉంటే 3, చుక్కల మందు ఒక మిల్లీలీటరుకి 100 అని ఉంటే ఒకటిన్నరే. అందుకని "5 ఎమ్మెల్ పోయండి" అన్న మెసేజ్‌కి అర్థమే లేదు. మొదటి సీసా మీద అది కొంచెం తక్కువ, రెండోదాని మీద చాలా ఎక్కువ, చుక్కల మందైతే ప్రమాదం. సీసా మారినప్పుడల్లా మళ్ళీ లెక్కకట్టి, మూత మీద ప్లాస్టరు అంటించి "3 మి.లీ." అని రాయడం అప్పుడే మొదలైంది. పోసేది సీసాతో ఇచ్చిన కొలత మూతతోనో, సూది లేని సిరంజితోనో. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు.

రక్తంలో ఆక్సిజన్ చూపే ఆక్సీమీటర్ ఇంట్లో ఉన్నా అంకె నమ్మేలా చూడటం వేరే విద్య. ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. చల్లగా ఉన్న చేతులు రుద్ది వెచ్చబరచాలి. గోళ్ళ రంగు తుడవాలి. ఆషాఢంలో అయితే ఆడవాళ్ళ వేళ్ళన్నిటికీ గోరింటాకే, ఏ వేలికి తక్కువ పండిందో చూసి దానికే పెట్టేవాళ్ళం. చూపుడు వేలికో మధ్య వేలికో తగిలించి, అంకె స్థిరపడేదాకా నిమిషం ఆగి రాయాలి. పక్కన నాడి అంకె చెయ్యి పట్టుకుని లెక్కించినదానికి దగ్గరగా లేకపోతే ఆక్సిజన్ అంకెనీ నమ్మకూడదు. 94, ఆపైన ఉంటే ఇంట్లో. 90 నుంచి 93 వస్తే డాక్టరుకి ఫోను, ఆసుపత్రికి ప్రయాణం. 90 లోపు అయితే ఆలోచన లేదు, 108. కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెబుతామన్న ఫోన్ యాప్‌లు ఒట్టి మోసం.

అడగడంలో కూడా తప్పు చేస్తాం. "ఏటమ్మా, ఈ కషాయం మంచిదేనా?" అంటే ఏఎన్‌ఎమ్ "మంచిదే" అనే అంటుంది, పాపం ఇంకేమంటుంది? "మా చిన్నాన్నకి 62 ఏళ్ళు, వారానికి రెండుసార్లు డయాలసిస్, బీపీ మాత్ర వేసుకుంటాడు, నిన్న రాత్రి నుంచి జ్వరం 101, ఆక్సిజన్ 95. ఏ మాత్ర, ఎంత, ఎన్ని గంటలకోసారి, ఏం కనిపిస్తే బేగి ఆసుపత్రికి రావాలి?" అని అడిగితే జవాబు వేరుగా వస్తుంది. కషాయంలో అతిమధురం ఉంటే బీపీ పెరుగుతుందన్న సంగతి అలా అడిగినప్పుడే తెలిసింది. చెప్పింది రాసుకుని, మళ్ళీ చదివి వినిపించి, "అంతేనా అమ్మా" అనిపించుకోవాలి. సిక్స్టీకీ సిక్స్టీన్కీ ఫోన్లో తేడా తెలియదు.

గ్రూపులో మాత్రం ఎవరినీ తప్పుపట్టకూడదు. మావయ్య పంపిన మెసేజ్ కింద "ఇది ఫేక్" అని పెడితే ఆయన మర్నాడు పది పంపుతాడు. విడిగా ఫోన్ చేసి, "మావయ్యా, అది మన పెద్దమ్మకి పడదు, ఆవిడకి కిడ్నీ కదా" అంటే ఆయనే తీసేసేవాడు. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకి ఇచ్చిన నాటుమందు గొడవప్పుడూ అంతే. మే 31న రాష్ట్రం వాటిలో కొన్నిటికి అనుమతి ఇచ్చింది, కంటి చుక్కలకి ఇవ్వలేదు. హాని లేదనడం వేరు, నయం చేస్తుందనడం వేరు. అది చెప్పి, "తాగితే తాగండి, డాక్టరిచ్చిన మాత్రలు మానకండి, కంట్లో మాత్రం వెయ్యొద్దు" అన్నదాకానే మాట్లాడాను. అంతకుమించి వాదిస్తే ఎవరూ వినరు.

2023 మే 5న డబ్ల్యూహెచ్‌ఓ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. నోటుపుస్తకం మాత్రం అలాగే ఉంది, ఇప్పుడు డెంగ్యూ సీజన్‌కి అదే వాడుతున్నాం. ప్లేట్‌లెట్లు తగ్గే జ్వరంలో కూడా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దంటారు కాబట్టి అట్ట తిప్పి చదివే అలవాటు పోలేదు. తొలకరి పడగానే పిల్లల్ని మళ్ళీ తూయించి, క్రియాటినిన్ కొత్త అంకె ఎక్కించి, పాత నంబర్లకి ఒకసారి ఫోన్ చేసి పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటాం. ఆక్సీమీటర్ బ్యాటరీలు తీసి విడిగా సంచిలో పెట్టాలి. లోపలే వదిలేస్తే కారిపోయి రేకులు తుప్పుపడతాయి, అవసరానికి పనిచేయదు.